కొడుకును చూడ్డానికి సింగపూర్: జేబు ఖాళీ కాకుండా వెళ్ళిరావడం

మా అబ్బాయి సింగపూర్‌లో వెల్డరు. కిందటేడు నేనూ మా ఆవిడా వాణ్ణి చూడ్డానికి వెళ్ళి తొమ్మిది రోజులుండి వచ్చాం. శ్రీముఖలింగం సెంటర్లో బస్సు దిగితే చాలు, ‘ఎంతయింది మాస్టారూ?’ అని ఎవరో ఒకరు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. మన సొసైటీకి చందాలిచ్చే ఇళ్ళలోనూ కొందరి పిల్లలు అక్కడ షిప్‌యార్డుల్లో, కట్టుబడి పనుల్లో ఉన్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అక్కడ మనం తీసే ప్రతి డాలరూ పిల్లవాడి ఓవర్‌టైమే. డాలరంటే 65 రూపాయల పైమాట. వెళ్ళేటప్పుడు చేసిన అప్పు ఇంకా మిగిలే ఉన్నా వాడు మన ముందు ఆ మాట ఎత్తడు, ఎయిర్‌పోర్టు బయట నవ్వుతూ టాక్సీ పిలుస్తాడు. లెక్క చూసుకోవలసింది మనమే.

అన్నిటికన్నా ముందు చూడవలసింది క్యాలెండర్. పనివాళ్ళకు ఎక్కువగా ఆదివారమే సెలవు. మనం బుధవారం దిగి సోమవారం తిరిగొస్తే వాడు మన కోసం కూలి పోగొట్టుకుని సెలవు పెట్టాలి. రెండు ఆదివారాలు కలిసేలా టిక్కెట్టు తీసుకుంటే ఆ నష్టం ఉండదు. మేము శనివారం వెళ్ళి మరుసటి ఆదివారం రాత్రి బయలుదేరాం.

విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్ విమానాలు నేరుగా ఉన్నాయి, సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఇలాంటి చౌక విమానాల్లో టిక్కెట్టు ధరలో భోజనం ఉండదు. చేతి సంచి దాటితే సామానుకు వేరే కట్టాలి, అదీ ముందుగా ఆన్‌లైన్‌లో కడితేనే తక్కువ. పలాస జీడిపప్పు, బెల్లం, ఆవకాయ అంటూ తల్లులు సర్దుతూనే ఉంటారు గనుక ఇంట్లోనే తూచండి. మాంసం పచ్చళ్ళు పెట్టకండి. ఖైనీ, గుట్కా అసలే వద్దు, ఆ దేశంలో అవి నిషేధం. పట్టుబడితే జరిమానా వేల డాలర్లలో ఉంటుంది.

వీసాకు వాళ్ళ ప్రభుత్వ రుసుము 30 డాలర్లు, పైన ఏజెంటు తీసుకునేది వేరు. గుర్తింపు ఉన్న ఏజెంట్లనే ఇద్దరు ముగ్గురిని అడిగి చూడండి. మేము మోసపోయింది అరైవల్ కార్డు దగ్గర. ఒకాయన దానికి తలకు వెయ్యి రూపాయలు తీసుకున్నాడు. తీరా చూస్తే అది సింగపూర్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు నింపాలి, ఫోనులో పది నిమిషాల పని.

పిల్లలుండే డార్మిటరీల్లో మనల్ని ఉండనివ్వరు. హోటలు గది ఒక్క రాత్రికే వందకు పైగా లాగుతుంది. మేము లిటిల్ ఇండియాలో ఒక హాస్టల్లో మంచాలు తీసుకున్నాం, ఆడవాళ్ళకు వేరే గది ఉన్నది చూసుకుని. మనిషికి 35 డాలర్లు పడింది. ఇరుకే, కాదనను. కానీ సందు చివర డన్‌లప్ స్ట్రీట్‌లో అబ్దుల్ గఫూర్ మసీదు ఉంది. 1907లో కట్టడం మొదలైన మసీదు అది. ముఖద్వారం పైన సూర్యుడి ఆకారం, దాని చుట్టూ 25 మంది ప్రవక్తల పేర్లు. ఫజర్‌కు నడిచే వెళ్ళేవాణ్ణి.

చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి అక్కడికి రైలుంది. ఎక్స్‌పో స్టేషన్‌లో నీలం రంగు డౌన్‌టౌన్ లైనుకు మారితే నేరుగా లిటిల్ ఇండియాలో దిగవచ్చు. మనిషికి రెండు డాలర్ల చిల్లర, టాక్సీకైతే దానికి పదింతలు. స్టేషన్‌లో ఈజీ లింక్ కార్డు కొనుక్కోండి, రైలుకూ బస్సుకూ అదే. ఒక్క సంగతి మరవకండి. బస్సు ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కార్డు ఆనించాలి, లేకపోతే చివరి స్టాపు దాకా ఛార్జీ పడుతుంది. మా ఆవిడ రెండుసార్లు మరిచిపోయింది. రైల్లో తినకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది.

తిండికి ఎయిర్‌కండిషన్ మాల్స్ వైపు చూడకండి. మన శివరాత్రి జాతరలో గుడి ముందు కొట్టుకీ వంశధార ఒడ్డు కొట్టుకీ ధరలో ఉండే తేడాయే అక్కడా ఉంటుంది. హాకర్ సెంటర్లని ప్రభుత్వం కట్టించిన తిండి అంగళ్ళు ఉంటాయి, 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది వాటికి. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే ఉన్న టెక్కా సెంటర్లో బిర్యానీ ఏడెనిమిది డాలర్లు. మూయిస్ హలాల్ పత్రం గోడ మీద తగిలించి ఉంటుంది, చూసి కూర్చోండి. సీసా నీళ్ళు కొనకండి, కుళాయి నీళ్ళే నిశ్చింతగా తాగవచ్చు. ఇంటి నుంచి స్టీలు సీసా తీసుకెళ్తే చాలు.

చూడదగ్గవాటిలో సగం ఉచితమే. బొటానిక్ గార్డెన్స్‌కు టిక్కెట్టు లేదు, లోపలి ఆర్కిడ్ తోటకు మాత్రమే. గార్డెన్స్ బై ద బేలో అద్దాల మందిరాలకు డబ్బు కట్టాలి గానీ, రాత్రి ఆ ఇనుప చెట్ల దీపాల ఆటను కింద కూర్చుని ఊరికే చూడవచ్చు. ఆదివారం రాత్రి ముగ్గురం అక్కడే నేల మీద చతికిలబడ్డాం. రెండేళ్ళ తర్వాత వాడితో అంతసేపు కూర్చున్నది అప్పుడే.

డబ్బు మార్చడానికి ఎయిర్‌పోర్టు కౌంటర్ల కన్నా సెరంగూన్ రోడ్డు మారకం కొట్లలో రేటు మేలు, నాలుగు కొట్లు అడగండి. మన నోట్లు మనిషికి 25,000 రూపాయల దాకా వెంట తీసుకెళ్ళవచ్చు. కొనుగోళ్ళ మీద 9 శాతం పన్ను ఉంటుంది. పన్ను వాపసు ఇచ్చే కొట్టులో వంద డాలర్లు దాటి కొంటే పర్యాటకులకు తిరిగి వస్తుంది. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించండి. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో పెట్టెలు అప్పగించక ముందే ఆ యంత్రం దగ్గరికి వెళ్ళండి. పెట్టెలు ఇచ్చేశాక గుర్తొస్తే, వాళ్ళు సామాను చూపించమన్నప్పుడు చూపించలేం.

వచ్చేటప్పుడు మా ఇద్దరి ఈజీ లింక్ కార్డులు వాడికే ఇచ్చేశాం. రెండింట్లో కలిపి ఇంకా ఏడు డాలర్లున్నాయి.