మీకు తెలుసా? పెద్ద డిస్కు పెడితే పాత కంప్యూటర్ మొరాయించేది ఇందుకే

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో పాత డెస్క్‌టాప్‌కు కొత్తగా 4 టీబీ హార్డ్ డిస్కు తగిలిస్తారు. స్విచ్ వేస్తే కంపెనీ లోగో దగ్గరే ఆగిపోతుంది. డిస్కు పాడైందనుకుని షాపుకు తిప్పి పంపకండి, తప్పు లెక్కది కావచ్చు.

డిస్కును భాగాలుగా విభజించే పాత ఎంబీఆర్ పద్ధతి, డిస్కులోని చిన్న గడులైన సెక్టార్ల నంబర్లను 32 బిట్లలో రాస్తుంది. అంటే దాదాపు 429 కోట్ల సెక్టార్లు. ఒక్కోటి 512 బైట్లు. గుణిస్తే 2.2 టీబీ. ఆ పైన ఉన్న జాగా దానికి కనిపించదు. అంతకు ముందు డిస్కులకు 28 బిట్ల నంబర్లే వాడిన కాలంలో హద్దు 137 జీబీయే! ఎంబీఆర్ తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతికి ఈ బాధ లేదు గానీ, జీపీటీ డిస్కు నుంచి విండోస్ బూట్ కావాలంటే మదర్‌బోర్డులో కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరం ప్రోగ్రాం యూఈఎఫ్ఐ ఉండాలి. అదే పని చేసే పాత బయోస్ చాలదు; అంత పెద్ద డిస్కును చూడగానే కొన్ని పాత బయోస్‌లు లోగో దగ్గరే బిగుసుకుపోతాయి కూడా.

ముందు కరెంటు తీసేసి, కొత్త డిస్కు కేబుల్ ఊడదీసి ఆన్ చేయండి. విండోస్ వచ్చిందా? అయితే దాన్ని పాత చిన్న డిస్కులోనే ఉండనిచ్చి, బయోస్‌లో బూట్ వరుసలో ఆ చిన్న డిస్కునే మొదట పెట్టండి. కరెంటు తీసేసి పెద్దదాన్ని మళ్లీ తగిలించి, జీపీటీగా మార్చి ఫైళ్లకే వాడుకోండి. డిస్కు తగిలించగానే బయోసే బిగుసుకుపోతుంటే మాత్రం ఆ బయోస్‌కు అప్‌డేట్ ఉందేమో వెతకాలి.