వీసా మీద వచ్చినవాడు వికలాంగుడైతే?

2022 నవంబరు 20న అల్ బైత్ స్టేడియంలో ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలు మొదలైన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెన్నెముక కింది భాగం ఎదగని అరుదైన లోపంతో పుట్టిన ఖతారీ యువకుడు ఘానిం అల్ ముఫ్తా, హాలీవుడ్ నటుడు మోర్గన్ ఫ్రీమన్ ఎదుట ఖురాన్ వాక్యం పఠించాడు. వికలాంగులకు ఈ దేశం ఇచ్చిన గౌరవం అది. కాగితం మీద కూడా తక్కువేమీ కాదు. 2004 నాటి చట్టం ఉద్యోగాల్లో 2 శాతం వారికి కేటాయించింది. ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఖతార్ 2008లో ఆమోదించింది.

అయితే మన కరీంనగర్ తాపీమేస్త్రీకో, కోనసీమ వెల్డరుకో ఆ కోటాతో ఒరిగేదేముంది? వైద్యపరీక్షలో 'ఫిట్' అని వస్తేనే అతడికి ఇక్కడ రెసిడెన్స్ పర్మిట్. నిక్షేపంగా వచ్చినవాడు పరంజా మీదనుంచి జారిపడో, మెషీన్‌లో చెయ్యి నలిగో ఇక్కడే వికలాంగుడైతే ఉద్యోగం పోతుంది. దానితో పాటే పర్మిట్టూ పోతుంది.

అటువంటివారికి అక్కరకొచ్చేది వికలాంగుల చట్టం కాదు, 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం. పనిలో గాయపడితే వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స కాలంలో ఆరు నెలల వరకు పూర్తి జీతం, ఆ తర్వాత సగం జీతం ఇవ్వాలి. మరణానికైనా, శాశ్వత సంపూర్ణ వైకల్యానికైనా పరిహారం 2 లక్షల రియాళ్ళు. పాక్షిక వైకల్యమైతే అందులో శాతం లెక్కన వస్తుంది. 20 శాతమని తేలితే 40 వేల రియాళ్ళన్నమాట. భద్రతా నియమాలు కావాలని మీరాడని రుజువైతే మాత్రం అదీ దక్కదు. చివరి వైద్య నివేదిక వచ్చిన ఏడాదిలోగా అడగాలి. చిక్కంతా ఇక్కడే! మనవాడు టిక్కెట్టు చేతికందగానే, చదవడం రాని అరబీ కాగితం మీద సంతకం పెట్టి విమానమెక్కేస్తాడు. ఇంటి బెంగ అలాంటిది, తప్పు పట్టలేం. కానీ ఊరికి చేరాక దోహాలో కేసు నడపడం ఎవరి తరం?

పోనీ, ఊళ్ళో ప్రభుత్వం ఆదుకోదా అంటే, 2016 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం వికలాంగులకు ఇచ్చింది. నలభై ఏళ్ళు దాటిన, చదువు లేని మేస్త్రీకి అవి అందేవి కావు. మిగిలేది పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దాన్ని నెలకు 6 వేల రూపాయలు చేశారు, మంచిదే. కానీ మరుసటి సంవత్సరమే అనర్హులను ఏరాలంటూ సదరం ధ్రువపత్రాలను మళ్ళీ తనిఖీ చేసి, వైకల్యం 40 శాతం కన్నా తక్కువని చాలామందికి నోటీసులిచ్చారు. అనేకచోట్ల ఆందోళనలు జరిగాయి. దొంగ సర్టిఫికెట్లు ఉండవచ్చు, కాదనను. అయినా ఖజానా భారం తగ్గించుకోవలసి వస్తే మొదట కుంటివాడి కాలు కొలవడం ఏం న్యాయం?

కనుక ఖతార్ విడవకముందే సాధించుకున్నదే గట్టిది. ప్రమాదం గురించి యజమాని పోలీసులకూ, కార్మికశాఖకూ వెంటనే తెలియజేశాడా లేదా కనుక్కోవాలి. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో శాశ్వత వైకల్యం కలిగి ఉద్యోగం పోతే 10 లక్షల రూపాయలు దాని కింద రావాలి. ఆ పాలసీ నంబరు ఎంతమంది దగ్గరుంది? చాలావరకు ఏజెంటు ఇచ్చిన కవరులోనే ఉండిపోతుంది. దారి తోచనివారు మన రాయబార కార్యాలయం అండతో నడిచే ఐసీబీఎఫ్‌ను కలవవచ్చు. ఆస్పత్రి నివేదికల నకళ్ళు ఒక సెట్టు ఇంటికి కూడా పంపించండి. రేపు సదరం క్యాంపులో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అవే కావాలి.