జెండాలో మన పత్తి ఏదీ?

ఆగస్టు పదిహేను వచ్చిందంటే లింగాల ఘనపూర్ మండలంలో బడుల ముందు, పంచాయతీ ఆఫీసుల ముందు మూడు రంగుల జెండా ఎగురుతుంది. రంగుల అర్థం పిల్లలు గడగడా అప్పజెప్తారు. ఆ గుడ్డ దేంతో తయారైందో మాత్రం ఎవరూ అడగరు. పత్తి చేన్లలో నడుములు వంచే మనం అడగవలసింది అదే.

ఈ జెండాకు తొలి నమూనా గీసిన పింగళి వెంకయ్యది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. కంబోడియా పత్తి మీద పరిశోధన చేసినందుకు ఆయన్ని జనం ‘పత్తి వెంకయ్య’ అన్నారు. 1916లోనే జెండా నమూనాలతో పుస్తకం అచ్చు వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనా గాంధీకి అందజేశారు. తెలుపు చేర్చమన్నది గాంధీ. రాట్నం పెట్టమన్నది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్. మన పత్తి ఓడలెక్కి ఇంగ్లండు పోయి, మిల్లు గుడ్డయి తిరిగొచ్చి, మన మగ్గాలను మూలకు నెట్టిన రోజులవి. అందుకే రాట్నం పోరాట గుర్తయింది.

1947 జూలై 22న రాజ్యాంగ సభ జెండాను ఖరారు చేసింది. రాట్నం చోట 24 ఆకుల అశోక చక్రం వచ్చింది. ఆకుపచ్చ అంటే నేలతో, పైరుతో మన బంధమని ఆ సభలోనే సర్వేపల్లి రాధాకృష్ణన్ వివరించారు. రాట్నం పోయినా ఖద్దరు నిలిచింది. జెండా గుడ్డ చేత్తో వడికి, చేత్తో నేసినదై ఉండాలని నియమం పెట్టారు.

ఆ జెండా మన ఊళ్లకు వెంటనే రాలేదు. 1947 ఆగస్టు 15న ఇక్కడ నిజాం రాజ్యం. మూడు రంగుల జెండా ఎగరేసినోళ్లను జైల్లో పెట్టారు. అంతకు ముందే, 1946 జూలై 4న, ఇదే జనగామ ప్రాంతం కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకికి నేలకొరిగాడు. వెట్టి మీద తిరగబడ్డ జనం ఎర్రజెండా పట్టారు. ఆ జెండాలో వాళ్లు చూసుకున్నది భూమిని, కూలిని, మర్యాదను. ఏ జెండానైనా కష్టజీవి కొలిచే కొలత అదే.

ఆ కొలతతో నేటి పాలకుల పని చూద్దాం. 2021 డిసెంబరు 30న కేంద్ర ప్రభుత్వం జెండా నియమావళిని సవరించి, మిషన్ల మీద చేసిన పాలిస్టర్ జెండాలకు అనుమతి ఇచ్చింది. 2022లో ఇంటింటా జెండా అని పిలుపిచ్చింది. పాలిస్టర్ చేన్లో పండేది కాదు, పెట్రోలియం సరుకుతో ఫ్యాక్టరీలో తయారయ్యేది. అందులో పత్తి రైతు లేడు, ఏరే కూలి లేదు, వడికే చెయ్యి లేదు, నేసే మగ్గం లేదు.

‘చౌకగా దొరికితేనే గదా పేదోడు కొనేది’ అని కొందరంటారు. పేదోడి చేతిలో పైసలు లేని మాట నిజమే. ఎందుకు లేవు? తెల్లారకముందే వంట చేసి, చేనుకు పోయి, కిలోల లెక్కన పత్తి ఏరి, గీరుకుపోయిన వేళ్లతో పొద్దుగూకి ఇల్లు చేరే ఆడకూలికి కష్టానికి తగిన కూలి ముట్టడం లేదు గనుక. కూలి పెంచకుండా జెండా ధర తగ్గించి, పేదల మీద ప్రేమ అంటే నమ్మేదెవరు?

అందుకే మేం అడుగుతున్నాం. బడులకు, పంచాయతీలకు సర్కారు పైసలతో కొనే ప్రతి జెండా చేనేత నూలు జెండానే కావాలి. వడికేవాళ్లకు, నేసేవాళ్లకు గిట్టుబాటు కావాలి. పత్తి ఏరే కూలీలకు కనీస వేతన చట్టం చేన్లో అమలు కావాలి. వచ్చే గ్రామసభలో ప్రతి ఊళ్లో ఈ ముచ్చట లేవదీద్దాం, తీర్మానం రాయిద్దాం.