వార్తల్లో పదం: ఎల్‌సీఎల్

నరసన్నపేట నుంచి అమెరికాకు కాపురం మారుతోంది. బుడితి ఇత్తడి బిందె, ఇడ్లీ పాత్ర, నాలుగు పెట్టెల పుస్తకాలు. విమానంలో పంపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఓడలో పంపుదామంటే కంటెయినర్ నిండదు. అప్పుడు అక్కరకొచ్చేదే ఎల్‌సీఎల్, అంటే 'లెస్ దేన్ కంటెయినర్ లోడ్'. 20 అడుగుల కంటెయినర్‌లో సుమారు 33 ఘనపు మీటర్ల చోటుంటుంది. అందులో పలువురి సామాను కలిపి సర్దుతారు. ఎవరి పెట్టెలు ఆక్రమించిన చోటుకు వారే కిరాయి కడతారు. చిక్కల్లా ఒకటే: తోటివారి సరుకూ చేరేదాకా మన బిందె రేవులో పడిగాపులు కాయాలి.

కనీసం ఏడాది వాడిన ఇంటి సామానుకు అమెరికాలో సుంకం ఉండదు. 3299 నంబరు ఫారం నింపి, జాబితా చూపాలి. అక్కడ తళతళలాడే కొత్త బిందె కంటే సొట్టపడిన పాతదే నయం!