మాది మేనరికం కాదండీ!

పుట్టిన బిడ్డకు వంశపారంపర్యపు జబ్బేదో ఉందని అనుమానం వస్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న మీకు తెలిసిందే. ‘‘మీది మేనరికమా?’’ అని. వెంటనే తల్లో, నాయనమ్మో ఒక రకమైన ధైర్యంతో ‘‘అబ్బే, మాది మేనరికం కాదండీ. బయటి సంబంధమే’’ అంటారు. బయటి సంబంధం అంటే ఏమిటని కాస్త తరచి అడగండి. అదే కులం, అదే శాఖ. గోత్రం మాత్రం వేరు. ఇంటిపేర్లు కలవవు. వియ్యాలవారి ఊరు నూరు మైళ్ళ దూరం. ఏడు తరాలు వెనక్కి వెళ్ళినా చుట్టరికం కనిపించదు. ఇంకేం, దోషం లేదని పెద్దలు తీర్మానించేస్తారు.

ఈ ధైర్యంలో నిజం సగమే. ఎందుకు సగమో తేల్చి చెప్పినవారు మాలాంటి వైద్యులు కారు. చాలామంది జన్మలో స్టెతస్కోపు పట్టనివారు. లెక్కలవాళ్ళు. గణాంకశాస్త్రాన్నీ, కంప్యూటరునీ, జన్యుశాస్త్రాన్నీ కలిపి జబ్బుల మూలాలు వెదికే విశ్వవిద్యాలయ పరిశోధకులు. వారి లెక్కలకూ మనింటి పెళ్ళిళ్ళకూ, మనవాళ్ళకు జరిగే ఆపరేషన్లకూ సంబంధం ఉంది కనుక ఈ వారం కాస్త ఓపిక పట్టి చదవమని కోరుతున్నాను.

మత్తు డాక్టర్లు గమనించినది

ముందు ఒక మందు సంగతి. ఆపరేషనుకు పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు రోగి నోట్లోనుంచి ఊపిరిగొట్టంలోకి ఒక ట్యూబు దించాలి. కండరాలు బిగుసుకుని ఉంటే అది దిగదు. అందుకని మత్తు డాక్టరు కండరాలను సడలించే మందు ఇస్తారు. వాటిలో పాతదీ, అతి త్వరగా పనిచేసేదీ సక్సామిథోనియం. ‘స్కోలిన్’ అంటే థియేటరులో ఆయాకు కూడా తెలుస్తుంది. నిమిషంలో పట్టేస్తుంది. అయిదు పది నిమిషాల్లో వదిలేస్తుంది. అర్ధరాత్రి కాన్పు కష్టమై ఉన్నపళంగా సిజేరియన్ చెయ్యవలసి వచ్చినప్పుడు దీని విలువ మాకు తెలుసు.

అది అంత త్వరగా వదలడానికి కారణం మన రక్తంలో ఉంది. బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లివరులో తయారై, రక్తంలో తిరుగుతూ, ఆ మందును ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంది. ఈ ఎంజైము లేనివారు, ఉన్నా పనిచేయనివారు కొందరుంటారు. మామూలు రోజుల్లో వారికి ఏ బాధా ఉండదు. అందరిలాగే తింటారు, తిరుగుతారు, ముసలివాళ్ళవుతారు. స్కోలిన్ ఎక్కించిన నాడే సంగతి బయటపడుతుంది. నిమిషాల్లో వదలవలసిన మందు గంటల తరబడి వదలదు. ఊపిరి తీయించేవి కూడా కండరాలే కదా, అవీ కదలవు. మత్తు డాక్టరు పక్కనే ఉండి, మత్తు తేలిపోకుండా చూసుకుంటూ, యంత్రంతో ఊపిరి అందిస్తూ, మందు దానంతటది వదిలేదాకా కాచుకుంటే రోగి క్షేమంగా లేస్తాడు. ఎవరూ ఊహించని చోట, యంత్రం సిద్ధంగా లేని చోట అయితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ చిక్కు మన వైశ్య కుటుంబాల్లో తరచుగా కనిపిస్తుందని దక్షిణాది మత్తు డాక్టర్లు చాలాకాలంగా గమనిస్తూ వచ్చారు. 2006లో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయం వారూ, అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వారూ కలిసి దాని కారణం పట్టుకున్నారు. ఆ ఎంజైములో 574 అమైనో ఆమ్లాలు దండలో పూసల్లా ఉంటాయి. అందులో 307వ పూస ల్యూసిన్ కావాలి. వీరిలో అక్కడ ప్రోలిన్ ఉంది. ఒక్క పూస తేడా! తక్కిన జనంతో పోలిస్తే ఈ ఎంజైము లోపం వైశ్యులలో సుమారు నూరు రెట్లు ఎక్కువ అని పరిశోధకుల అంచనా.

నూరు రెట్లు ఎందుకుండాలి? మేనరికాలవల్ల అందామంటే, తెలుగునాట మేనరికాలు లేని కులమేది?

కాగితం, పెన్సిలు తీసుకోండి

ఇటువంటి జబ్బు రావాలంటే తల్లి ఇచ్చిన జన్యువూ, తండ్రి ఇచ్చిన జన్యువూ రెండూ చెడినవే కావాలి. ఒకటే చెడితే జబ్బు రాదు. అలాంటివారిని వాహకులంటాం. వాహకులిద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఒక చోట 200 మందిలో ఒకరు వాహకులనుకుందాం. (ఇవి నేర్చుకోవడానికి వేసుకున్న అంకెలు. ఏ కులం లెక్కా కాదు.) చుట్టరికం లేని దంపతులిద్దరూ వాహకులు కావడం 200 ఇంటూ 200, అంటే 40,000 జంటల్లో ఒక జంటకు జరుగుతుంది. వారి బిడ్డల్లో నాలుగో వంతుకు జబ్బు. అంటే 1,60,000 మంది బిడ్డల్లో ఒకరికన్నమాట. ఇంకొక చోట 20 మందిలో ఒకరు వాహకులనుకోండి. 20 ఇంటూ 20 ఇంటూ 4. అంటే 1,600 మందిలో ఒకరికి. వాహకులు పెరిగింది పది రెట్లే. జబ్బు పెరిగింది నూరు రెట్లు!

ఇప్పుడు అసలు సంగతి చూడండి. మొదటి చోట మేనత్త కొడుకుని చేసుకున్న పిల్లకు పుట్టే బిడ్డల్లో ఈ జబ్బు సుమారు 6,000 మందిలో ఒకరికి రావచ్చు. రెండో చోట ఏ చుట్టరికమూ లేని పెళ్ళిలో 1,600లో ఒకరికి. అంటే ఈ ఒక్క జబ్బు విషయంలో, మొదటి చోటి మేనరికం కన్నా రెండో చోటి ‘బయటి సంబంధం’ దాదాపు నాలుగు రెట్లు ప్రమాదం. అయితే మేనరికం మంచిదని డాక్టరుగారే రాశారని మాత్రం అనకండి. రెండో చోట మేనరికం కూడా తోడైతే 1,600 కాస్తా 500 లోపుకు దిగుతుంది. మేనరికంలో చిక్కు ఒక్క జబ్బుతో పోదు, దాగి ఉన్న చెడు జన్యువులన్నిటికీ దారి తెరుస్తుంది.

ఇంతకీ ఒక కులంలో వాహకులు అంతమంది ఎలా పోగవుతారు?

తాతగారి పొలం

ఊళ్ళో వంద ఎకరాల ఆసామి ఉన్నాడనుకోండి. కొడుకులు పంచుకుంటారు, మనవలు పంచుకుంటారు. ప్రతి తరంలోనూ చెక్కలు చిన్నవవుతాయి. గట్లను బట్టి ఎన్ని పంపకాలు జరిగాయో కరణంగారు ఊహించి చెప్పగలిగేవారు. మన క్రోమోజోముల పంపకం కూడా ఇంతే. తాతముత్తాతల నుంచి వచ్చిన డి.ఎన్.ఎ. పోగు ప్రతి తరంలోనూ తెగి, అతుక్కుని, ముక్కలు పొట్టివవుతూ వస్తాయి. ఇద్దరు మనుషుల్లో అచ్చంగా ఒకేలా ఉన్న ముక్క దొరికితే, ఆ ఇద్దరికీ ఎక్కడో ఒక పూర్వీకుడు ఉమ్మడి అన్నమాట. ముక్క పొడవును బట్టి ఆ పూర్వీకుడు ఎన్ని తరాల వెనకటివాడో అంచనా వేయవచ్చు.

మనిషి కన్ను చేయగల పని కాదిది. ఒక్కొక్కరి డి.ఎన్.ఎ.లో లక్షల చోట్ల అక్షరాలు చదివి, ప్రతివారినీ తక్కిన ప్రతివారితో పోల్చాలి. 2,800 మంది ఉంటే జతలే 39 లక్షలకు పైగా అవుతాయి! అందుకే కంప్యూటరూ, దాని చేత లెక్క చేయించగల గణితజ్ఞులూ కావలసివచ్చారు.

హైదరాబాదులో హబ్సిగూడ దగ్గరి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు డేవిడ్ రైక్, నిక్ పాటర్సన్ మొదలైనవారు 2009లో 25 భారతీయ సమూహాలకు చెందిన 132 మందితో ఈ పని మొదలుపెట్టారు. (ఈ పాటర్సన్ గారు ఒకప్పుడు బ్రిటిషు ప్రభుత్వానికి రహస్య సంకేతాలు విప్పిపెట్టిన గణితజ్ఞులు. జన్యువులూ సంకేతాలే కదా.) వైశ్యుల డి.ఎన్.ఎ.ను బట్టి తేలినది ఏమంటే, సుమారు రెండు మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమంది పూర్వీకులతో ఆ సమూహం మొదలైంది. అప్పటినుంచీ పెళ్ళిళ్ళు చాలావరకు వారిలో వారికే. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గర ఉన్న చెడు జన్యువు, కులంతో పాటే లక్షల్లోకి పెరిగింది. గోత్రం తేడా చూసినా, దూరపు సంబంధం చేసినా, ఆ తొలి పూర్వీకులు అందరికీ వారే.

2017లో నేథన్ నకాత్సుకా అనే యువ పరిశోధకుడు ముందు నిలవగా, ఇదే బృందం 2,800 మందికి పైగా లెక్క తీసింది. ఈసారి ఒక జాగ్రత్త పడ్డారు. దగ్గరి బంధువుల్లో కనిపించే మరీ పొడవైన ముక్కలను లెక్కలోంచి తీసేశారు. అంటే ఈమధ్య తరాల మేనరికాల పద్దు వేరు, పాత పూర్వీకుల పద్దు వేరు. అలా చూసినా 263 దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాల పునాది, వంశపారంపర్యపు జబ్బులకు ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే ఫిన్లండు ప్రజల కన్నా, అష్కెనాజీ యూదుల కన్నా ఇరుకైనదని తేలింది. అందులో పద్నాలుగు సమూహాల జనాభా పది లక్షలకు పైమాటే. కులం పెద్దది కాబట్టి భయం లేదనుకోవడానికి వీల్లేదు.

కులం పేరెత్తానని వైశ్య సోదరులు నొచ్చుకోవద్దు. మత్తు డాక్టర్లు గమనించబట్టి వారి సంగతి బయటపడింది, అందుకే వారు జాగ్రత్తపడగలుగుతున్నారు. తమలో ఏ జబ్బు దాగి ఉందో ఇంకా ఎవరూ వెదకని తక్కిన సమూహాల వారి పరిస్థితే నాకు ఎక్కువ దిగులు.

కులాలను లెక్కల త్రాసులో తూచడం మనకు కొత్తేమీ కాదు. 1941లో సంయుక్త రాష్ట్రాల్లో (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) మనుషుల తల, ముక్కు, ఎత్తు కొలిచి తెచ్చిన అంకెల మీద మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి పనిచేసి 1949లో ప్రచురించిన యువకుడు మన తెలుగువాడు, విశాఖ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి.ఆర్. రావుగారు. 102 ఏళ్ళ వయసులో, 2023లో పోయారు. ముక్కు కొలతల రోజుల్లో వేసిన గణితపు పునాదుల మీదే ఇవాళ డి.ఎన్.ఎ. కొలతలు నిలబడ్డాయి.

అమ్మాయి పేరు బయటపడకుండా

‘‘అయితే పెళ్ళికి ముందే పరీక్ష చేయిస్తే సరిపోదా?’’ అంటారు మీరు. అష్కెనాజీ యూదులు అదే చేశారు. వారిలో టే-సాక్స్ అనే జబ్బు ఉండేది. పసిబిడ్డ మెడ నిలపడం మానేసి, చూపు పోయి, నాలుగైదేళ్ళలో చనిపోతాడు. 1971లో అమెరికాలో వాహకులను గుర్తించే పరీక్షలు మొదలుపెట్టారు. ఇవాళ వారిలో ఆ జబ్బు నూటికి తొంభై పాళ్ళకు పైగా తగ్గిపోయింది.

ఆ జబ్బుతోనే నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే యూదు మతగురువు న్యూయార్కులో 1983లో పెట్టిన పద్ధతి నాకు మరీ నచ్చింది. పరీక్ష చేయించుకున్న పిల్లకూ, పిల్లవాడికీ చెరొక నెంబరు ఇస్తారు. ఫలితం వారికి కూడా చెప్పరు. సంబంధం కుదిరే ముందు రెండు నెంబర్లూ చెబితే, ఈ జంట కుదురుతుందో కుదరదో మాత్రం చెబుతారు. మన జాతకాల పొంతన లాంటిదే, కాకపోతే ఇది రక్తం చూసి చెప్పేది. ఎందుకంత గుట్టు అంటే, ‘ఆ పిల్ల వాహకురాలట’ అన్న మాట పెళ్ళిచూపుల దాకా వెళితే ఆ పిల్ల గతేమిటి? మన సంగతి మనకు తెలుసు. పిల్లవాడూ వాహకుడే అయినా నింద పిల్ల మీదే పడుతుంది. ఈ గుట్టు కాపాడే ఏర్పాటు లేకుండా కులసంఘాలు పరీక్షల శిబిరాలు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇక మీ ఇంటి మాట. మీ కుటుంబంలో ఎవరికైనా ఆపరేషను తర్వాత చాలాసేపటికి గాని కదలిక రాలేదనీ, యంత్రం మీద ఉంచారనీ విన్నారా? ఏ కులమైనా సరే, ఆ మాట మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. అడగలేదని ఊరుకోకండి. స్కోలిన్‌కు బదులు వాడదగిన మందులున్నాయి, ముందు తెలిస్తే డాక్టరు దాని జోలికి పోరు. వైశ్య కుటుంబాల వారు ఇంట్లో ఎవరికీ ఏమీ కాకపోయినా చెప్పడం మంచిది. కోలినెస్టరేజ్ పరీక్ష అంత అరుదైనదీ కాదు. పురుగుమందు తాగినవారికి మా ఆసుపత్రుల్లో చేయించేది అదే. అయితే గర్భిణీలకూ, లివరు జబ్బున్నవారికీ, పురుగుమందు తగిలినవారికీ అది మామూలుగానే తగ్గి ఉంటుంది. కాబట్టి కాగితంలో తక్కువ అని చూసి కంగారుపడకుండా డాక్టరుకు చూపించండి. లోపం నిజమని తేలితే ఆ సంగతి ఒక చీటీ మీద రాయించి పర్సులో పెట్టుకోండి. స్పృహ లేని రోగి నోటితో చెప్పలేడు కదా.

వంశపారంపర్యపు జబ్బుతో బిడ్డ పుట్టి ఉంటే, ‘మేనరికం కాదు కదా, మళ్ళీ రాదులే’ అనుకుని రెండో కాన్పుకు వెళ్ళవద్దు. హైదరాబాదులో నిమ్స్ జన్యువిభాగంలోనూ, ఉప్పల్‌లోని సి.డి.ఎఫ్.డి.లోనూ ఇటువంటి పరీక్షలు చేస్తారు. మొదటి బిడ్డలో చెడిన జన్యువు ఏదో పేరుతో సహా తేలితే, తర్వాతి గర్భంలో మూడో నెలలోనే చూసి చెప్పడం వీలవుతుంది. జబ్బు కష్టమైనదైతే ఆ బిడ్డ మనమధ్య ఉండగానే రక్తం తీయించి డి.ఎన్.ఎ. దాపించాలి. ఆ దుఃఖంలో ఈ మాట తల్లిదండ్రులకు తోచదు. పక్కనున్న పెద్దలెవరైనా గుర్తు చేయాలి.

స్కోలిన్ చిక్కు వచ్చినవారికి అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్ళూ ఉంటే వారిలో ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం నాలుగింట ఒకటి. వారూ పరీక్ష చేయించుకోవాలి. కాపురానికి వెళ్ళిన ఆడపిల్లలకు కబురు చేయడం మరిచిపోకండి, ఆపరేషను బల్ల ఎక్కవలసిన అవసరం కాన్పులో వారికే ముందు వస్తుంది.