హైఫానెట్

హైఫానెట్ అనేది కేంద్ర సర్వరు లేకుండా, సభ్యుల కంప్యూటర్లే సమాచారాన్ని పంచుకొని భద్రపరచే ఒక నెట్‌వర్కు. ఇందులో చేరిన ప్రతి కంప్యూటరునూ నోడు అంటారు. 2023 వరకు దీని పేరు ఫ్రీనెట్. ఆ ఏడాది నుండి ఫ్రీనెట్ అన్న పేరు వేరొక కొత్త నెట్‌వర్కుకు చెందుతుంది.

చరిత్ర

ఇయాన్ క్లార్క్ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా, 1999లో తన ప్రాజెక్టు నివేదికలో ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. మొదటి వెర్షను 2000లో వెలువడింది. ప్రచురించిన దానిని ఎవరూ బలవంతంగా తొలగించలేకుండా చేయడం, రాసేవారి, చదివేవారి వివరాలు బయటపడకుండా చూడడం దీని ముఖ్యోద్దేశాలు.

పనిచేసే విధానం

నెట్‌వర్కులో చేర్చిన ఫైలు 32 కిలోబైట్ల ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ముక్క గుప్తలిపిలోకి మారి వేర్వేరు నోడ్లకు చేరుతుంది. ప్రతి నోడుకు 0కు, 1కి మధ్య ఒక స్థానసంఖ్య ఉంటుంది. ముక్కకు కూడా దాని కీ నుండి అటువంటి సంఖ్యే వస్తుంది. ఈ రెండు సంఖ్యలు దగ్గరగా ఉన్న నోడ్ల వైపుకు ముక్క ప్రయాణిస్తుంది. ఎవరైనా ఆ ముక్కను కోరినపుడు, ఆ కోరిక కూడా ఇదే పద్ధతిలో ఒక నోడు నుండి మరొక నోడుకు సాగి, సమాచారంతో అదే దారిన తిరిగి వస్తుంది. ఏ నోడుకైనా తన పొరుగు నోడ్లు మాత్రమే తెలుస్తాయి. దారిలోని కొన్ని నోడ్లు ఆ ముక్క నకలును దాచుకొంటాయి. అందువలన ఎక్కువమంది కోరిన సమాచారం ఎక్కువ చోట్లకు వ్యాపిస్తుంది.

నోడు నడపడం

ఈ సాఫ్టువేరును జావా భాషలో రాశారు. విండోస్, లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో ఇది పనిచేస్తుంది. స్థాపించే సమయంలో హార్డుడిస్కులో ఎంత చోటు, అంతర్జాల వేగంలో ఎంత వాటా ఇవ్వాలో నిర్ణయించుకోవాలి. తరువాత బ్రౌజరులో 127.0.0.1:8888 చిరునామా ద్వారా నోడును వాడుకోవచ్చు. నోడు ఎంత ఎక్కువసేపు నడిస్తే నెట్‌వర్కుకు అంత మేలు. అపరిచితుల నోడ్లతో కలవడం ఓపెన్‌నెట్ పద్ధతి. తెలిసిన మిత్రుల నోడ్లతో మాత్రమే కలవడం డార్క్‌నెట్ పద్ధతి. రెండవది ఎక్కువ సురక్షితమైనది.

పరిమితులు

తన డిస్కులో ఏ ముక్కలు ఉండాలో నోడు యజమాని ఎంచుకోలేడు. వాటిని చదవడానికి కావలసిన రహస్య కీ ముక్కతోపాటు రాదు గనుక, అందులో ఏమున్నదో కూడా అతనికి తెలియదు. సెన్సారును తట్టుకొనే శక్తి ఈ ఏర్పాటు నుండే వచ్చింది. నేరస్థులకు అవకాశమిస్తున్నదన్న విమర్శ కూడా ఇందువలననే వచ్చింది. పైగా అజ్ఞాతత్వం సంపూర్ణం కాదు. అమెరికాలో పోలీసులు స్వయంగా నోడ్లు నడిపి, పిల్లలపై లైంగిక అత్యాచారాల చిత్రాలను కోరినవారిపై పెట్టిన కేసులు న్యాయస్థానాలకు వచ్చాయి.

ఇక్కడ సమాచారం శాశ్వతం కూడా కాదు. నోడులో చోటు నిండినపుడు కొత్త ముక్కలు పాతవాటి స్థానాన్ని ఆక్రమిస్తాయి. ఒక పత్రాన్ని తొలగించమని ఆజ్ఞాపించగలవారు లేకపోయినా, దానిని చాలాకాలం ఎవరూ కోరకపోతే అది క్రమంగా కనుమరుగవుతుంది. కాబట్టి సొంత ఫైళ్ళను భద్రపరచుకోవడానికి ఇది తగిన సాధనం కాదు. ఇందులోని పత్రం నిలిచి ఉండేది నోడ్లు నడిపేవారి వలన, దానిని చదివేవారి వలన మాత్రమే.