పరాసులును పరిహాసమును

మచిలీపట్టణమున మూడు పేటల పేర్లు మూడు పరదేశములను నేటికిని తలపించుచున్నవి. అవి ఇంగిలీషుపాలెము, వలందపాలెము, పరాసుపేట. వలందు లనగా హాలెండు దేశీయులగు డచ్చివారు. పరాసు లనగా ఫ్రెంచివారు. పారశీక భాషలో ఫ్రెంచివారికి గల పేరే తెలుగు నాలుకపై అరిగి అరిగి 'పరాసు' అయినది. గోలకొండ సుల్తానుల కాలమున డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఈ రేవున వర్తకమునకు దిగిరి. మొదట వారు కొనవచ్చినవి అద్దకపు వస్త్రములు. తరువాత కొనజూచినది రాజ్యము. బందరు బాలుడు బడికి పోవుచు, వచ్చుచు ఈ పేర్లను పలుకుచునే యుండును. పరాసుపేట అన్నప్పుడు అతనికి నవ్వు రాదు. ఆ మాటలో ఎగతాళి ఏమియు లేదు.

కాని అదే జాతి పేరు వినినంతనే నవ్వుటకు అలవాటుపడిన దేశములు కొన్ని కలవు. ఇంగ్లండునందును అమెరికాయందును ఫ్రెంచి సైనికునిపై చెప్పుకొను హాస్యములకు లెక్క లేదు. ఒకడు ఫ్రెంచి తుపాకిని అమ్మకమునకు పెట్టెనట. 'ఒక్కమారును కాల్చలేదు, ఒక్కమారు మాత్రము క్రింద పడవేసినాము' అని దాని గుణములు వర్ణించెనట. ఫ్రెంచి దండుకు తెల్లజెండా తప్ప వేరు జెండా తెలియదని మరియొక ఛలోక్తి. 2003లో ఇరాకుపై యుద్ధమునకు ఫ్రాన్సు సమ్మతింపనందున, అమెరికా ప్రతినిధి సభవారి భోజనశాలలో 'ఫ్రెంచి' అను పేరు గల బంగాళాదుంప వేపుడునకు 'స్వేచ్ఛ' అని నామకరణము చేసిరి. మూడేండ్లు గడచిన పిమ్మట, 2006లో, పాతపేరే తిరిగి వచ్చెను. ఈ రాకపోకల వలన వేపుడు రుచి మారినదని ఎవరును చెప్పలేదు.

ఈ పరిహాసమునకు ముఖ్యాధారము 1940వ సంవత్సరము. ఆ యేట జర్మనీ దండెత్తగా ఫ్రాన్సు ఆరు వారములలో ఓడిపోయెను. అది నిజము. అయితే ఆ ఆరు వారములలో 50 వేలకు పైగా ఫ్రెంచి సైనికులు ప్రాణములు కోల్పోయిరనుటయు నిజమే. అంతకు పూర్వపు మహాయుద్ధమున 13 లక్షలకు పైగా ఫ్రెంచి సైనికులు మడిసిరనుటయు నిజమే. 1781లో యార్కుటౌను వద్ద ఇంగ్లీషు సేన అమెరికనులకు లొంగిపోయినప్పుడు, భూమిపై ఫ్రెంచి దండును, సముద్రముపై ఫ్రెంచి నౌకలును తోడుగా నిలువకున్నచో ఆ విజయము లభించి యుండెడిది కాదు. అట్టి జాతిని చూచి అమెరికా నవ్వుట విచిత్రము. ఛలోక్తికి ఒక్క సంవత్సరము చాలును. చరిత్రకు అన్ని సంవత్సరములును కావలెను.

ఇట్టి హాస్యమునకు అద్దము వంటి గుణమొకటి కలదు. చెప్పకుండ సభనుండి జారుకొనుటను ఇంగ్లీషువారు 'ఫ్రెంచి సెలవు' అందురు. అదే పనిని ఫ్రెంచివారు 'ఇంగ్లీషు పద్ధతిని జారుకొనుట' అందురు. జారుకొను గుణము ఇరువురికిని తెలియును. అది తనదని ఒప్పుకొనువాడే లేడు. గురివింద గింజ సామెత ఒక్క తెలుగునాటికే చెందినది కాదు. ఇంగ్లీషు వ్యంగ్యచిత్రకారుడు జేమ్సు గిల్రే నెపోలియనును వామనునివలె చిత్రించెను. ఆ చక్రవర్తి తన కాలపువారిలో సగటు ఎత్తు గలవాడు. రెండు వందల యేండ్లు దాటినను ప్రజల తలలో బొమ్మయే నిలిచినది గాని కొలత నిలువలేదు.

ఇక తెలుగు భాష ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? తెలుగువారు శతఘ్నిని 'ఫిరంగి' అందురు. ఫ్రాన్సు దేశమునకు పేరిచ్చిన ఫ్రాంకు జాతి పేరే పారశీకమున 'ఫరంగీ' అయి, ఐరోపావారి నందరను తెలుపుచు, తుదకు వారు తెచ్చిన ఆయుధమునకు పేరై తెలుగున స్థిరపడినది. ఒక భాషలో పిరికితనమునకు మారుపేరైన జాతినామము మరియొక భాషలో ఫిరంగియై గర్జించుచున్నది.

ఇది పదములతోనే తీరలేదు. 1753లో నిజాము సలాబతుజంగు ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను ఫ్రెంచి సేన ఖర్చులకై బుస్సీ దొరకు ఒప్పగించెను. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను ధ్వంసము చేసినవి. ఆ కథను తెలుగు పల్లెలు తరతరములుగా పాడుకొనినవి. ఆ కథలో కన్నీరు కలదు, క్రోధము కలదు. ఫ్రెంచివాడు పోరాడలేడను నవ్వు మాత్రము లేదు. ఫ్రెంచి తుపాకి ఒక్కమారును కాల్చనిదని బొబ్బిలిలో ఎవరు చెప్పగలరు?

బందరు కథ మరింత వివేకము నేర్పును. 1750 జూలైలో డూప్లే పుదుచ్చేరి నుండి రెండు ఓడలు పంపెను. వానిలో 200 మంది ఐరోపా సైనికులును 300 మంది సిపాయిలును ఉండిరి. వారు రాత్రివేళ దిగి, స్వల్పనష్టముతో మచిలీపట్టణమును పట్టుకొనిరి. 1754 చివర ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు సంధికి కూర్చుండి, ఒకరికి బందరు, మరియొకరికి దివిసీమ అని కాగితముపై పంచుకొన జూచిరి. ఇంటివారిని అడుగకయే ఇల్లు పంచుకొనిన అతిథులను గూర్చి లోకమున ఎన్ని ఛలోక్తులైన పుట్టవలసినది. కాని అవి పుట్టలేదు. గెలిచినవారికి తమపై తామే నవ్వుకొను తీరిక ఉండదు కాబోలు.

1758లో బుస్సీని దక్షిణమునకు పిలిపించిరి. అతని స్థానమున కాన్‌ఫ్లాన్సు వచ్చెను. విజయనగర ప్రభువగు ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురు తిరిగి ఇంగ్లీషువారిని ఆహ్వానించెను. క్లైవు బంగాళము నుండి కల్నల్ ఫోర్డును పంపెను. డిసెంబరులో గోదావరి ప్రాంతమున చందుర్తి వద్ద జరిగిన పోరులో కాన్‌ఫ్లాన్సు ఓడెను. అతడు గుఱ్ఱములను మార్చుకొనుచు, ఎక్కడను ఆగక, అర్ధరాత్రి లోపల రాజమహేంద్రవరము చేరెనని చరిత్రకారులు వ్రాసిరి. పరిహాసప్రియులు ఇక్కడనే కథ ముగింపగోరుదురు. కాని కథ ఇంకను మిగిలియున్నది.

1759 మార్చిలో ఫోర్డు ఏలూరు విడిచి బందరుపై నడచెను. గుడివాడకు ఈశాన్యమున, కొల్లేటి చెంతనున్న కైకలూరులో ఒక చిన్న కోట అడ్డు వచ్చెను. దానిని కాచినది ఒక ఫ్రెంచి సార్జెంటు. అతనితో పట్టుమని పదిహేను మంది ఐరోపావారైనను లేరు. సిపాయిలు మాత్రము కొందరుండిరి. సహాయము వచ్చునను ఆశతో ఆ కొలదిమంది తలుపులు బిగించి పోరాడిరి. దాడికి వచ్చినవారు మొదట వెనుకకు తగ్గవలసివచ్చెను. చివరకు తలుపు పగులగొట్టి లోపల ప్రవేశించిరి. ఒకే దేశము, ఒకే సంవత్సరము, ఒకే సేన: సేనాపతి పరుగెత్తెను, సార్జెంటు నిలిచెను. జాతిగుణము ఏ ఒక్కరిలో వెదకవలెను?

బందరు కోట ఊరికి సుమారు రెండు మైళ్ళ దూరమున, ఉప్పు బురద నడుమ ఉండెడిది. ఫోర్డు వద్ద ఐరోపావారు నాలుగు వందలలోపు, సిపాయిలు సుమారు 1,400 మంది. కోటలోనివారు అంతకంటె ఎక్కువ. ముట్టడి నెలదినములు సాగెను. ఇంగ్లీషు సైనికులు జీతబత్తెములకును కొల్లసొమ్ములో పాలుకును అలిగి, ఆయుధములతో తిరుగబడ జూచిరి. నిజాము సేన సమీపించుచుండెను. ఏప్రిలు మొదటివారము ముగియునప్పటికి రెండు దినములకు సరిపడు మందుగుండు మాత్రమే మిగిలెను. ఫోర్డు చేసిన రాత్రిదాడి ధైర్యమో, గత్యంతరములేని తెగువయో, రెండును కలిసినదో!

7వ తేది రాత్రి ఆనందరాజు భటులు కట్టబాట మీదుగను, నాక్సు నాయకత్వమున కొందరు నైరుతి దిక్కునను బూటకపు దాడులు చేసిరి. అసలు దాడి ఈశాన్యమున జరిగెను. మోకాలిలోతు బురదలో నడచి గోడ యెక్కిన వారిలో కెప్టెన్ యార్కు దళమొకటి. వారు బురుజులను పట్టుకొనుచు ముందుకు పోవుచుండగా, ఒకడు మందుగుండు గదిని చూచి 'మందుపాతర!' అని కేక వేసెను. అంతే, దళమంతయు వెనుదిరిగి పరుగెత్తెను. యార్కు ప్రక్కన మిగిలినవారు ఇద్దరు నల్లని బాలురు మాత్రమే. వారు దళమునకు భేరి వాయించువారు. పారిపోయినవారిని పిలుచుచు వారు భేరి మ్రోగించుచునే యుండిరి. ఎవరును రాలేదు. యార్కు తానే వెనుకకు పోయి, బెదిరించి, కొలదిమందిని కూడగట్టుకొని మరల ముందుకు నడచెను. అప్పుడు ఫ్రెంచి ఫిరంగి ఒకటి వారిపై పేలెను. యార్కు రెండు తొడలకును గాయములయ్యెను. ఆ బాలురిద్దరును అతని ప్రక్కనే మరణించిరి. ఈ వృత్తాంతమును లోకమునకు తెలిపినది ఫ్రెంచి పక్షపాతి కాదు. ఆ శతాబ్దముననే కంపెనీ యుద్ధములను గ్రంథస్థము చేసిన రాబర్టు ఓర్ము.

ఆ చీకటిలో కాన్‌ఫ్లాన్సుకు నాలుగు దిక్కులనుండి నాలుగు విధముల వార్తలు వచ్చుచుండెను. ఏది నిజమైన దాడియో తెలియలేదు. అతడు సంధి కోరెను. బేషరతుగా లొంగకున్నచో అందరిని కత్తికి బలి చేయుదునని ఫోర్డు బదులు పంపెను. కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను. తెల్లవారి లెక్కింపగా చెరబడినవారు ఐరోపావారు 500 మంది, తక్కినవారు 2,537 మంది. పట్టుకొన్నవారికంటె పట్టుబడినవారే ఎక్కువ! కొలది దినములకే మూడు వందల మంది ఫ్రెంచి సైనికులతో సహాయనౌకలు బందరు ఎదుట కనుపించినవి. అవి వారము ముందు వచ్చినచో, లేక ఆ రాత్రి 'మందుపాతర' యను కేకకు పరుగెత్తినవారు తిరిగి రాకున్నచో, నేడు ఏ జాతి తుపాకి క్రింద పడవేసినదని నవ్వుకొనుచుందురో ఊహింపవచ్చును. పారిపోవుట ఆ రాత్రి ఇరుపక్షములను తాకినది. ముగింపు మాత్రము ఒక పక్షమునకు అనుకూలించినది. హాస్యము ముగింపునే జ్ఞాపకముంచుకొనును.

పై లెక్కలో మరియొక పాఠము కలదు. కోటలోపలను వెలుపలను పోరాడినవారిలో అధికసంఖ్యాకులు ఈ దేశపు సిపాయిలే. ఇంగ్లీషు పక్షమున చచ్చిన ఐరోపావారు 22 మంది, సిపాయిలు 50 మంది. ఇంగ్లీషు, ఫ్రెంచి జాతుల వైరమునకు రక్తమిచ్చినది ఎక్కువగా వేరొక జాతి. ఆ కాలముననే చెన్నపట్టణపు తీరమునుండి క్లైవు వెంట పోయిన సిపాయిలను చూచి బంగాళమున కంపెనీ సిపాయినెల్ల 'తిలంగా' అని పిలువసాగిరి. ఫ్రాంకు పేరు మనకు ఫిరంగి అయినట్లే, తెలుగుదేశపు పేరు ఇతరులకు సిపాయి అయినది. ఆ సిపాయి తెలుగువాడా, కాడా అని ఎవరును విచారింపలేదు. ఒకరికి పేరు పెట్టు జాతి, ఇంకొకరి నోట తానును పేరు పడుచునే యుండును.

హాస్యము మానవలెనని దీని భావము కాదు. భరతుడు నాట్యశాస్త్రమున నవ్వును స్మితము మొదలుకొని అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించెను. పెదవి కదలని నవ్వును, పొట్ట పట్టుకొను నవ్వును ఒకటి కావని ఆ విభాగమే తెలుపుచున్నది. నవ్వునందు కూడ తారతమ్యము పాటింపదగినది. కాన్‌ఫ్లాన్సు గుఱ్ఱపు పరుగును చూచి నవ్వవచ్చును. అది అతడు చేసిన పని. ఆ పరుగును కైకలూరు సార్జెంటునకు అంటగట్టి నవ్వుట అన్యాయము. అది అతడు చేయని పని. బడిలో ఒక పిల్లవాడు తప్పుచేసినప్పుడు 'మీ ఊరివారందరును ఇంతే' యని ప్రక్కవాడనుట ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. బందరు, గుడివాడ, దివిసీమ అను భేదము లేకుండ ప్రతి ఊరిపేరును ఏదో ఒక బెంచీపై ఈ శిక్ష అనుభవించియే యుండును. ఆ మాట విని తలవంచుకొను బాలుడు తన తప్పునకు కాదు, తన పుట్టుకకు సిగ్గుపడును. దేశములపై చెప్పు ఛలోక్తి అదే మాటకు పెద్దరూపము.

1864 నవంబరు ఒకటవ తేదిని వచ్చిన ఉప్పెన బందరును ముంచి సుమారు 30 వేల ప్రాణములను హరించెను. ఆ మీదట కోటలోని సైన్యమును తీసివేసిరి. ఫ్రెంచివారి చేతిలో ఈ పట్టణమున మిగిలియున్న చిన్నస్థలము 1947 అక్టోబరులో భారతదేశమునకు సంక్రమించెను. అంతకు ముందే ఇంగ్లీషువారును పోయిరి. పేటల పేర్లు మిగిలినవి. ఎవరు గెలిచిరో, ఎవరు ఓడిరో ఆ పేర్లు చెప్పవు. ఇంగిలీషుపాలెమునకు గర్వమును లేదు, పరాసుపేటకు సిగ్గును లేదు.

భేరి వాయించిన ఆ బాలుర పేర్లు మాత్రము ఏ పేటకును దక్కలేదు. వారు ఏ ఊరివారో ఆ చరిత్ర చెప్పలేదు. అందరును పరుగెత్తిన క్షణమున వారు నిలిచిరని మాత్రమే చెప్పినది. వారిని ఏ జాతి ఖాతాలో వ్రాసి గర్వింపవలెనో, ఏ జాతి ఖాతాలో వ్రాసి నవ్వవలెనో నేటికిని ఎవరికిని తెలియదు.